కళాశాల వాకిట గణితం

ఏటా వానలు పట్టే రోజులలో మన ఇళ్ళలో ఒక ప్రయాణపు సన్నాహం జరుగుతుంది. ఇంటర్మీడియెట్ ఫలితాలు వస్తాయి. ప్రవేశపరీక్షలో ర్యాంకు తెలుస్తుంది. ఏ ఊరి కళాశాలలో, ఏ శాఖలో చోటు దొరికినదో నిర్ణయమవుతుంది. అబ్బాయికో అమ్మాయికో పెట్టె సర్దుతారు. ఆవకాయ జాడీకి వాసెన కడతారు. మంచిరోజు చూసి బస్సో రైలో ఎక్కిస్తారు. బిడ్డ ఇక ఒడ్డున పడినట్లే అని తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకుంటారు.

దసరా సెలవులకు ఇల్లు చేరిన ఆ బిడ్డ ముఖంలో కొన్ని ఇళ్ళలో మునుపటి కళ ఉండదు. రెండు మూడు రోజులు ఎవరూ ఏమీ అడగరు. నాలుగవనాడు తల్లితో ఒక్క మాట చెబుతాడు: "లెక్కలు బోధపడడం లేదమ్మా." ఆ మాట చెవిని పడిన తండ్రికి మొదట ఆశ్చర్యం, ఆపైన కోపం. ఇంటర్మీడియెట్‌లో నూటికి తొంభైకి పైగా తెచ్చుకున్నవాడికి లెక్కలు బోధపడకపోవడమేమిటి? చదవడం మానివేశాడన్నమాట! సావాసాలు మంచివి కావన్నమాట! ఇల్లు ఈ తీర్పు చెప్పివేస్తుంది. ఇంతకంటె కఠినమైన తీర్పు బిడ్డ తనకు తానే చెప్పుకుంటాడు: "నాకు బుర్ర లేదు."

ఈ రెండు తీర్పులూ చాలా సందర్భాలలో పొరపాటని మనవి చేయడమే ఈ ప్రసంగపు ఉద్దేశం. అక్కడ లోపించినది శ్రద్ధా కాదు, బుద్ధీ కాదు. ఎన్నడో క్రింది తరగతులలో ఒకటి రెండు మెట్లు విడిచిపోయినవి. ఆ సంగతి అంతకాలం ఎవరి కంటా పడలేదు.

కొద్దికాలం క్రిందట యువజనుల కార్యక్రమం కోసం మేము ఒక ఇంజనీరింగు కళాశాలకు ధ్వనిముద్రణకు వెళ్ళాము. మొదటి సంవత్సరపు విద్యార్థులు పదిమంది మా చుట్టూ కూర్చున్నారు. హాస్టలు భోజనం గురించి, క్రొత్త స్నేహాల గురించి ఉత్సాహంగా మాట్లాడారు. గణితం మాట రాగానే గది నిశ్శబ్దమైపోయినది. అంతవరకు అందరికంటె చురుకుగా మాట్లాడిన కుర్రవాడు మైకు వైపు చూసి, "అది ఒక్కసారి ఆపుతారా సార్" అన్నాడు. ఆపాము. "పాఠం అర్థం కాక కాదు సార్. మా సారు బోర్డు మీద ఒక లైను నుంచి ఇంకో లైనుకు వెళ్ళేటప్పుడు మధ్యలో ఏదో చేస్తారు. అది అందరికీ తెలిసిందే అన్నట్టు చేస్తారు. నాకు తెలియదు. అడిగితే, ఇది ఎనిమిదో తరగతి లెక్క కదా అని నవ్వుతారు" అన్నాడు. తక్కిన తొమ్మిదిమందిలో ఒక్కరూ నవ్వలేదు.

ఆ మాట ప్రసారం కాలేదు. కాని మేము ఆనాడు విన్న మాటలన్నిటిలోను విలువైనది అదే.

ఆ నడుమ జరిగే 'ఏదో' ఎట్టిదో ఒక ఉదాహరణతో చూద్దాము. కాగితం, కలం అక్కరలేదు. ఒక ఇంటిస్థలాన్ని ఊహించుకుంటే చాలు. నలుచదరపు స్థలం; ప్రతి ప్రక్కా పది గజాలు. పదిని పదితో హెచ్చించగా వైశాల్యం 100 చదరపు గజాలు. ఇప్పుడు దీనికి తూర్పున ఒక గజం, ఉత్తరాన ఒక గజం కలుపుకున్నామనుకోండి. ప్రతి ప్రక్కా పదకొండు గజాలైనది. వైశాల్యం 121 చదరపు గజాలు. ఇందులో తగవు లేదు.

ఇదే లెక్కను బీజగణితపు భాషలో అడిగితే చాలామంది విద్యార్థులు వేరొక విధంగా చేస్తారు. పది వర్గం నూరు, ఒకటి వర్గం ఒకటి, మొత్తం నూట ఒకటి. అనగా రెండు రాశుల మొత్తాన్ని వర్గం చేయమంటే, విడివిడిగా వర్గం చేసి కలుపుతారు. మిగిలిన ఇరవై గజాలు ఏమైనవి? తూర్పున పది గజాల పొడవు, ఒక గజం వెడల్పు గల పట్టీ ఒకటి. ఉత్తరాన అటువంటిదే మరొకటి. ఈశాన్యమూలన ఒకే ఒక చదరపు గజం. ఆ మూలను లెక్కించి, రెండు పట్టీలను విడిచిపెట్టారన్నమాట. ఇరవై గజాలు పోగొట్టుకుని దస్తావేజు మీద సంతకం పెట్టే గృహస్థు ఎక్కడా ఉండడు. కాని అంకెలు పోయి అక్షరాలు వచ్చేసరికి, అటువంటి సంతకాలు మన తరగతి గదులలో నిత్యమూ జరుగుతున్నవి.

ఇప్పుడు ఈ విద్యార్థి కలనగణితపు తరగతిలో కూర్చున్నాడు. అధ్యాపకుడు మొదటినుంచీ చెబుతున్నాడు. స్థలం ప్రక్కను ఎక్స్ అనుకుందాము. దానిని హెచ్ అనే స్వల్ప పరిమాణం చేత పెంచుదాము. వైశాల్యం ఎంత పెరిగినదో చూసి, ఆ పెరుగుదలను హెచ్ చేత భాగించి, హెచ్‌ను సున్నకు దగ్గర చేస్తూ పోదాము. సరిగా చేసినవారికి పెరుగుదలలో రెండు పట్టీలు, ఒక చిన్న మూల వస్తాయి. హెచ్ చేత భాగిస్తే రెండు ఎక్స్‌లు, ఒక హెచ్ మిగులుతాయి. హెచ్ సున్నను సమీపించగా రెండు ఎక్స్‌లే నిలుస్తాయి. అదే ఎక్స్ వర్గానికి అవకలజం.

మన విద్యార్థికి పట్టీలు లేవు. కనుక అతని పెరుగుదల హెచ్ వర్గం మాత్రమే. దానిని హెచ్ చేత భాగిస్తే హెచ్. అది సున్నను సమీపిస్తుంది. జవాబు సున్న! ప్రక్క ఎంత పెరిగినా స్థలం పెరగదని ఆ సున్నకు అర్థం. ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటి ఉన్నది. ఈ విద్యార్థి భాగహారం సరిగానే చేశాడు. అవధి అనే క్రొత్త భావాన్ని కూడా సరిగానే ప్రయోగించాడు. కళాశాలలో నేర్పినదంతా అతనికి వచ్చినది. రానిది ఎనిమిదవ తరగతి పాఠం ఒక్కటే. కాని అధ్యాపకునికి కనిపించేది చివరనున్న సున్న గనుక, అవధి బోధపడలేదని అనుకుంటాడు. మరునాడు అవధి గురించే మరింత గట్టిగా చెబుతాడు. నొప్పి ఒకచోట, మందు వేరొకచోట.

ఇంటర్మీడియెట్‌లోనే కలనగణితం ఉన్నది గదా, ఎక్స్ వర్గానికి అవకలజం రెండు ఎక్స్ అని వల్లించినవాడే గదా అని మీరు అనవచ్చును. నిజమే. జవాబు అతనికి తెలుసు. అది ఎక్కడినుంచి వచ్చినదో తెలియదు. ఆ రెండు ఎక్స్‌లు తాను విడిచిపెట్టిన ఆ రెండు పట్టీలేనని ఎవరైనా ఒకనాడు చూపించి ఉంటే, ఎనిమిదవ తరగతి పాఠమూ కళాశాల పాఠమూ ఒకేసారి అతనివి అయిపోయేవి.

ఇటువంటి మెట్లు మరికొన్ని ఉన్నవి. అరకు మూడవ వంతు కలపమంటే పైనున్న ఒకట్లను కలిపి రెండు, క్రిందనున్న రెండును మూడును కలిపి అయిదు, అయిదింట రెండు వంతులు అని చెప్పేవారు కద్దు. అయిదింట రెండు వంతులు అర కంటె తక్కువ. అర దోసెకు మరికొంత దోసె చేర్చితే అర దోసె కంటె తగ్గినదని చంటిపిల్లవాడు కూడా ఒప్పుకోడు. తొమ్మిదికి పదహారు కలిపి వర్గమూలం తీయమంటే, మూడును నాలుగును కలిపి ఏడు అంటారు. ఇరవై అయిదుకు వర్గమూలం అయిదే గదా. ఇక సంవర్గమానాలు. ఒక ద్రావణపు పీహెచ్ విలువ అయిదు నుంచి నాలుగుకు దిగినదంటే, ఆమ్లత్వానికి కారణమైన హైడ్రోజన్ అయానుల గాఢత పదిరెట్లయినదని అర్థం. సంవర్గమానం రాని విద్యార్థికి అది కేవలం ఒక్క అంకె తేడా.

ఒక మెట్టు విడిచినంత మాత్రాన ఇంత అనర్థమా అంటే, గణితంలో అంతే. కాకతీయుల చరిత్ర చదవనివాడు విజయనగర చరిత్ర చదివి ఆనందించవచ్చును. ఒక కావ్యంలో మొదటి ఆశ్వాసం చదవకపోయినా మూడవ ఆశ్వాసంలోని పద్యం రుచిస్తుంది. గణితంలో పై పాఠం క్రింది పాఠపు భుజాల మీద నిలుస్తుంది. మన పూర్వులు ఈ సంగతి బాగా ఎరుగుదురు. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో వ్రాసిన గణితసారసంగ్రహాన్ని పదకొండవ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు చేశాడు. మహావీరుని గ్రంథంలో మొదట పరిభాష, తరువాత హెచ్చవేత భాగహారాది పరికర్మలు, ఆ వెంటనే భిన్నాలు. అవి ముగిసిన తరువాతనే తక్కిన వ్యవహారమంతా. భిన్నాలను దాటివేసి ముందుకు పోయే దారి ఆ గ్రంథంలో లేదు. వాడుకలో కూడా వీసం, పావు, అర, ముప్పావు అనేవి ప్రతి ఇంటి నాలుక మీద ఉండేవి. 1957లో దశాంశ నాణేలు వచ్చేవరకు రూపాయికి పదహారణాలు. కూరగాయల బేరంలోనే పదహారవ వంతుల లెక్క జరిగిపోయేది. ఆ అభ్యాసం నేటి పిల్లలకు లేదు. అది వారి తప్పు కాదు.

మరి, మెట్లు విడిచిపోయినా ఇన్ని మార్కులు ఎట్లా వచ్చినవి? తండ్రి వేసిన ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి నాలుగు సమాధానాలు చెప్పవచ్చును.

మొదటిది పరీక్ష స్వభావం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో ఎంసెట్ అనే ప్రవేశపరీక్ష ఆరంభమైనది. ఇప్పుడది ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి, తెలంగాణలో 2024 నుంచి ఈఏపీసెట్ అనే పేరుతో జరుగుతున్నది. ఇంజనీరింగు అభ్యర్థికి మూడు గంటలలో 160 ప్రశ్నలు. అందులో 80 గణితం. లెక్క కడితే ప్రశ్నకు 67 సెకన్ల పైచిలుకు కాలం. ప్రతి ప్రశ్న క్రిందా నాలుగు జవాబులుంటాయి. వాటిలో ఒకటి సరియైనది. వర్గ సమీకరణాన్ని సాధించమంటే, సాధించనక్కరలేదు. నాలుగు జవాబులను ఒక్కొక్కటిగా సమీకరణంలో పెట్టి చూస్తే ఏది సరిపోతుందో తేలిపోతుంది. అది కూడా ఒక నేర్పే. దానిని మేము తీసివేయము. లక్షలమందిని తక్కువ కాలంలో వరుసలో నిలబెట్టవలసిన పరీక్షకు ఇంతకంటె వేరు దారి సులభంగా కనిపించదు. కాని జవాబును గుర్తుపట్టడం వేరు, జవాబును కనుగొనడం వేరు. కళాశాలలో ప్రశ్న క్రింద నాలుగు జవాబులుండవు. తెల్లకాగితం ఉంటుంది.

రెండవది కాలం తెచ్చిన విపత్తు. కోవిడ్ మహమ్మారి వలన 2020 మార్చిలో పాఠశాలలు మూతపడినవి. ఆ సంవత్సరం రెండు తెలుగు రాష్ట్రాలలోను పదవ తరగతి పరీక్షలు రద్దయినవి. 2021లో పదవ తరగతి పరీక్షలతోబాటు ఇంటర్మీడియెట్ ద్వితీయ సంవత్సరపు పరీక్షలు కూడా రద్దయినవి. ప్రాణరక్షణకు అది అవసరమైన నిర్ణయమే. కాని చదువులో పడిన ఆ గండి తరగతి తరువాత తరగతిగా పైకి నడిచి వస్తున్నది. ఒక్కసారి వ్రేళ్ళ మీద లెక్కపెట్టండి. 2020లో ఆరవ తరగతిలో చేరిన పిల్లలు 2025లో పదవ తరగతి ముగించి, 2027లో విశ్వవిద్యాలయపు వాకిట నిలిచేవారు. ఆరవ తరగతిలో ఏముంటుంది? ధన ఋణ సంఖ్యలు, భిన్నాలు, దశాంశాలు, బీజగణితానికి తొలి పరిచయం. సరిగ్గా ఆ పాఠాలనే వారు ఇంట్లో ఉన్న ఒక్క ఫోను చుట్టూ అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళతో వంతులు వేసుకుని విన్నారు. ఫోను లేని ఇళ్ళలో అదీ లేదు.

మూడవది శాఖల విభజన. పదవ తరగతి వరకు గణితం అందరికీ ఉన్నది. ఇంటర్మీడియెట్‌లో జీవశాస్త్రాలు, వాణిజ్యం, చరిత్ర తీసుకున్నవారిలో అధికసంఖ్యాకులు దానికి సెలవు చెబుతారు. ఇక ఆ బాధ తీరినదనుకుంటారు. రెండేళ్ళ తరువాత ఔషధశాస్త్రంలోనో, జీవసాంకేతికశాస్త్రంలోనో, వ్యవసాయంలోనో, అర్థశాస్త్రంలోనో చేరి చూస్తే గణితం ముందే వచ్చి కూర్చుని ఉంటుంది. సంఖ్యాశాస్త్రం రాకుండా పంట దిగుబడులను పోల్చలేము. సంవర్గమానం, ఘాతాంకం తెలియకుండా ఒక మందు రక్తంలో ఎంతసేపు నిలుస్తుందో చెప్పలేము.

నాలుగవది భాష. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి అంకశ్రేఢి తెలుసు, గుణశ్రేఢి తెలుసు, సంభావ్యత, మాత్రిక, సదిశ తెలుసు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇటువంటి పారిభాషిక పదాలతో పాఠ్యగ్రంథాలు అందించినది. కళాశాలలో అధ్యాపకుడు ప్రాబబిలిటీ అనగానే ఆ విద్యార్థి ఇదేదో తాను వినని శాస్త్రమనుకుంటాడు. ఎదుట నిలిచినది చిన్ననాటి నేస్తమే, వేషం మారినది. అధ్యాపకుడేమో విషయమే తెలియదని అనుకుంటాడు. పేరు తెలియకపోవడాన్ని విషయం తెలియకపోవడంగా ఎంచడం వలన ఎందరో మంచి విద్యార్థులు వెనుకబెంచీలకు చేరుతున్నారు. ఈ ఖాళీ అన్నిటిలోకీ చిన్నది. రెండు పుటల పదాల పట్టికతో పూడిపోయేది.

ఈ చిక్కు మనకు మాత్రమే వచ్చినది కాదు. ఇంగ్లండులో 1995లో లండన్ మేథమెటికల్ సొసైటీ, మరి రెండు విద్వత్సంఘాలు కలిసి ఒక నివేదిక ప్రకటించినవి. క్రొత్తగా విశ్వవిద్యాలయాలలో చేరుతున్నవారిలో మూడు లోపాలను అవి ఎత్తిచూపినవి. అంకెలతోను బీజగణితంతోను తడబాటు లేకుండా పనిచేసే అలవాటు తగ్గినది. రెండు మూడు అంచెలు గల సమస్యను విడదీసి సాధించే శక్తి తగ్గినది. గణితమంటే కచ్చితత్వమూ నిరూపణా అనే ఎరుక సన్నగిల్లినది. 2000లో అక్కడి ఇంజనీరింగ్ కౌన్సిల్ ప్రచురించిన మరొక నివేదిక ఇందుకు చికిత్సను కూడా సూచించినది. గణితంతో పని ఉన్న కోర్సులో చేరిన ప్రతివానికీ రాగానే ఒక పరీక్ష పెట్టాలి. లోపం కనబడినచోట వెంటనే సాయం అందించాలి. అంతకుముందే 1991లో కోవెంట్రీ విశ్వవిద్యాలయంలో, 1996లో లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో గణిత సహాయ కేంద్రాలు వెలసినవి. ఏ శాఖ విద్యార్థి అయినా లోపలికి వచ్చి, ఎంత చిన్న సందేహమైనా అడుగవచ్చును. అక్కడ మార్కులు లేవు. తరువాతి కాలంలో అటువంటి కేంద్రాలు ఆ దేశంలోని విశ్వవిద్యాలయాలలో విరివిగా ఏర్పడినవి.

మనదేశంలో కూడా ఈ లోపాన్ని దాచక ఒప్పుకున్నచోట్లు ఉన్నవి. అందులో మాకు మిక్కిలి నచ్చినది ఔషధవిద్య. బి.ఫార్మసీ కోర్సుకు కొందరు గణితం చదివి వస్తారు. కొందరు జీవశాస్త్రం చదివి వస్తారు. 2014 నాటి నియమావళి క్రింద ఫార్మసీ కౌన్సిల్ రూపొందించిన పాఠ్యప్రణాళికలో మొదటి సెమిస్టరులోనే ఒక ఏర్పాటు చేసినారు. జీవశాస్త్రం చదవనివారికి జీవశాస్త్రం, గణితం చదవనివారికి గణితం, పూరకపాఠంగా చెబుతారు. గణితానికి 30 గంటలు. ఆ పాఠానికి పెట్టిన ఆంగ్ల నామంలో చికిత్స అనే అర్థం ఉన్నది. మందులు తయారుచేయబోయేవారు మొదట తాము ఒక మోతాదు పుచ్చుకుంటున్నారన్నమాట. ఇందులో అవమానం ఏదీ లేదు. ఏమంటే, ప్రక్క గదిలో గణితం బాగా వచ్చినవాడు కప్పగుండెకు ఎన్ని గదులో నేర్చుకుంటూ ఉంటాడు. ఎవరి ఖాళీ వారిది.

మరొక మార్గం ముందుగానే చేయిపట్టుకోవడం. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాజీవ్‌గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్ ఏర్పడినది. నూజివీడు, బాసర, ఇడుపులపాయలలో విద్యాలయాలు వెలసినవి. గ్రామీణ విద్యార్థులను పదవ తరగతి కాగానే చేర్చుకుని, ఆరేళ్ళ చదువులో మొదటి రెండేళ్ళు ఇంజనీరింగుకు పూర్వపు కోర్సుకు కేటాయించినారు. పునాది పని కూడా మేడ కట్టేవారి చేతిలోనే ఉంటుందన్నమాట. అన్ని కళాశాలలకూ ఇది సాధ్యం కాదు. కాని 2017లో అఖిల భారత సాంకేతిక విద్యా మండలి క్రొత్త విద్యార్థులకు మూడు వారాల పరిచయ కార్యక్రమాన్ని నిర్దేశించినది. ఆ మూడు వారాలలో రోజుకొక గంట చొప్పున పదిహేను గంటలు ఈ క్రింది మెట్లకు కేటాయించడానికి ఏ కళాశాలకూ క్రొత్త భవనం అక్కరలేదు.

ఆ పదిహేను గంటలు ఎట్లా వాడాలి? మొదటి రోజున ఒక చిన్న పరీక్ష. ఇరవై ప్రశ్నలు చాలు. భిన్నాలు, ఋణసంఖ్యలు, ఘాతాంకాలు, సంవర్గమానాలు, వర్గం విప్పడం, సమీకరణం సాధించడం, త్రికోణమితిలో మొదటి నిష్పత్తులు. నాలుగేసి జవాబులు ఇవ్వకూడదు. కాగితం మీద మార్కులు వేయకూడదు. గోడకు జాబితా అంటించకూడదు. ఎవరికి ఏ మెట్టు లేదో వారికి మాత్రమే చెప్పాలి. మెట్టు తెలిసిన తరువాత పూడ్చడం తేలిక. పదకొండేళ్ళ వయస్సులో నెల పట్టిన పాఠం పద్దెనిమిదేళ్ళ వయస్సులో నాలుగు సాయంత్రాల పని. ఈ వయస్సులో బుద్ధి పక్వమై ఉంటుంది. కావలసినది, సిగ్గుపడకుండా క్రిందికి దిగిరావడం.

అధ్యాపకులకు మా విన్నపం ఒక్కటే. బోర్డు మీద ఒక పంక్తి నుంచి మరొక పంక్తికి దాటేటప్పుడు "ఇది మీకు తెలిసినదే" అనే మాటను కొంతకాలం మానండి. ఆ మాట విన్న తరువాత తెలియనివాడు ఇక అడుగలేడు. దానికి బదులు "ఇక్కడ ఏమి చేసినాము?" అని అడిగి, ఎవరో ఒకరిచేత చెప్పించండి. అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం ఒక విద్యార్థి సంవత్సరాన్ని కాపాడవచ్చును.

విద్యార్థులకు ఒక సలహా. ఒక చిన్న నోటుపుస్తకం వేరుగా పెట్టుకోండి. తరగతిలో ఏ పంక్తి దగ్గర త్రోవ తప్పినదో ఆ పంక్తిని మాత్రం అందులో వ్రాసుకోండి, పాఠమంతా అక్కరలేదు. వారం తిరిగేసరికి మీకొక వింత కనబడుతుంది. నలభై చోట్ల తప్పినట్లు తోచినది నిజానికి మూడు నాలుగు మెట్లేనని తేలుతుంది. అవే మరల మరల వచ్చినవి. అప్పుడు ఎనిమిదవ తరగతి పుస్తకమైనా, తొమ్మిదవ తరగతి పుస్తకమైనా తెచ్చుకుని, ఆ అధ్యాయం తీసి, రోజుకు పది లెక్కలు చేతితో చేయండి. చూసి వదలిపెట్టవద్దు. అక్షరాలు పెట్టిన సూత్రం సందేహంగా ఉంటే, వాటి బదులు రెండు, మూడు వంటి అంకెలు పెట్టి చూడండి. తప్పు సూత్రం అంకెల ముందు ఎక్కువసేపు నిలువలేదు.

ఇక తల్లిదండ్రులతో ఒక మాట. రేడియో దగ్గర కూర్చుని మా ప్రసంగం వింటున్నవారిలో, చిన్నప్పుడు లెక్కల పుస్తకానికి భయపడినవారు కూడా ఉండవచ్చును. మీకు కలనగణితం రానక్కరలేదు. దసరాకు వచ్చిన బిడ్డ "లెక్కలు బోధపడడం లేదు" అన్ననాడు, ఆ ఒక్క వాక్యం చెప్పడానికి ఎంత ధైర్యం కూడగట్టుకున్నాడో తలచుకోండి. మార్కుల సంగతి ఎత్తవద్దు. "ఏ లైను దగ్గర?" అని అడగండి. తనకు తెలియని శాస్త్రాన్ని గురించి తల్లి వేసిన ఆ చిన్న ప్రశ్న, అతను తనను తాను వేసుకోవలసిన ప్రశ్నే. "నాకు బుర్ర లేదు" అనే మాటకు అంతులేదు. దానికి మందు కూడా లేదు. "ఈ లైను దగ్గర" అనే మాటకు అంతు ఉన్నది. దానికి మందు ఒక పాత పుస్తకం, నాలుగు సాయంత్రాలు.

మైకు ఆపమన్న కుర్రవాడిని మేము తిరిగి వచ్చేముందు ఇంటిస్థలపు లెక్క అడిగాము. పది గజాలు, ఆపైన ఒక గజం. నూట ఒకటి అనబోయి ఆగిపోయినాడు. చూపుడువ్రేలితో బల్ల మీద ఒక చదరం గీశాడు. తూర్పున ఒక గీత, ఉత్తరాన ఒక గీత. కొంతసేపు చూసి, "ఈ రెండూ వదిలేస్తున్నా సార్ ఇన్నాళ్ళూ" అన్నాడు. ఆ మాట మైకులో పడలేదు గాని, ఈ ప్రసంగం వ్రాయడానికి కారణం అదే.